తేనె సీసాలో శాంపిలు

షుగరు ఇంకా ప్రతి ఇంటికీ చుట్టం కాని కాలం అది. మా నర్సీపట్నంలో ఎవరికైనా ఆ జబ్బు ఉందంటే ఆయన ఏ తహసీల్దారో, రైసుమిల్లు యజమానో అయి ఉండాలి. కొందరైతే "నాకు షుగరండీ" అని కాస్త గొప్పగానే చెప్పుకునేవారు. మడిలో వంగి పనిచేసేవాడికి అది రాదనీ, కొండ ఎక్కి దిగేవాడి దరిదాపులకు కూడా పోదనీ అందరి నమ్మకం. అందరికంటే గట్టిగా నమ్మినదాన్ని నేను. ఎందుకంటే నేను చదువుకున్నాను. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి, ఇరవై ఒకటో ఏట, బస్టాండు దగ్గర ఒక డాక్టరమ్మగారి క్లినిక్కులో, మెట్ల కింద గదిలో ఉద్యోగానికి కుదిరాను. తెల్లకోటు వేసుకుని ఆ గదిలో కూర్చుంటే ఊరి ఆరోగ్యమంతా నా చేతిలోనే ఉన్నట్టు అనిపించేది. (కోటు నర్సుగా చేసిన మా మేనత్తది. చేతులు రెండు మడతలు పెడితేగానీ నా వేళ్లు బయటికి వచ్చేవి కావు.)

రక్తంలో షుగరు చూసే మిషను ఒకటి ఉండేది గానీ, నేను చేరిన వారానికే పాడై విశాఖపట్నం రిపేరుకు వెళ్లింది. (నేను పాడుచేయలేదు. ఆ మాట అప్పుడూ చెప్పాను, ఎవరూ నమ్మలేదు.) అంచేత అంతా మూత్రపరీక్ష మీదే నడిచేది. గాజుగొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉండిపోతే జబ్బు లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ అంటూ రంగు మారేకొద్దీ జబ్బు ముదిరినట్టు. ఇటుక రంగు తేలిందంటే నాలుగు ప్లస్సులు. నాకు ఆ ఇటుక రంగంటే మహా ఇష్టంగా ఉండేది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. నీలం తేలిన రోజున నేనేమీ కనిపెట్టనట్టు దిగులుగా ఉండేది.

మగవాళ్లకు మూత్రం సీసా ఒక ఆడపిల్ల చేతికి ఇవ్వడం పెద్ద పరీక్ష. తువ్వాల్లో చుట్టేవారు, చేతిసంచిలో వంకాయల కింద దాచేవారు. ఒక పెద్దాయన శుభలేఖ ఇచ్చినట్టు రెండు చేతులతో అందించి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అలా వచ్చినవాళ్లలో బెల్లం మావయ్య ఒకరు. రావికమతం అవతల పల్లెలో చెరకు పండించి బెల్లం వండేవారు, మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. టీలో బెల్లం, పెరుగన్నంలో బెల్లం, ఏమీ లేకపోతే ఒట్టి బెల్లం. ఒంట్లో నీరసంగా ఉందని వస్తే డాక్టరమ్మగారు శాంపిలు తెమ్మన్నారు. మర్నాడు పొద్దున్న ఆయన సంచిలోంచి గోధుమరంగు బ్రాందీ సీసా తీశారు. దానికి బిరడాగా మొక్కజొన్న కండె చెక్కి పెట్టి ఉంది.

"ఇంత సీసా ఎందుకు మావయ్యా?" అన్నాను.

"బస్సులో ఎవులైనా అడిగితే తేనె అని సెప్పొచ్చని తెచ్చానే. నక్కపల్లి ఆవిడెవరో అడగనే అడిగింది, ఎంతకిత్తావని."

"మీరేమన్నారు?"

"అమ్మకానికి కాదమ్మా, ఇంట్లోకే అన్నాను."

ఆ శాంపిలు మరిగించానో లేదో ఇటుక రంగు తేలింది. అంత చక్కటి ఇటుక రంగు మా కాలేజీలో కూడా చూడలేదు. ఎర్ర పెన్నుతో నాలుగు ప్లస్సులు వేసి, కింద గీత కూడా గీశాను. మిషను వచ్చాక రక్తం కూడా చూద్దామనీ, అంతవరకు తీపి ముట్టుకోవద్దనీ డాక్టరమ్మగారు చెప్పారు. అత్తయ్య బెల్లం కుండలన్నీ అటక ఎక్కించి నిచ్చెన పక్కింట్లో పెట్టేసింది. మూడు వారాల్లో ఆయన సగమయ్యారు.

ఇక్కడ ఆయన నేస్తం గురించి చెప్పాలి. మా వైపు కొండమీదివాళ్లూ కిందివాళ్లూ నేస్తం కట్టుకునే ఆచారం ఉంది. ఒకసారి కట్టుకున్నాక పేరు పెట్టి పిలుచుకోకూడదు, నేస్తం అనే అనాలి. ఒకరు తెచ్చింది ఇంకొకరు కాదనకూడదు. చింతపల్లి కొండల్లో ఉండే ఆ నేస్తం ఏటా తేనె దించేవాడు, మావయ్య బెల్లం ఎక్కించేవారు. ఆ ఏడు తేనెతో దిగేసరికి మావయ్య చేతులు జోడించి, వద్దన్నారట. నేస్తం గుమ్మంలోనే కూలబడిపోయాడట. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నా మెట్ల కింద గదికి వచ్చారు.

నేస్తం సన్నగా, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు. రాగానే చెంబెడు మంచినీళ్లు అడిగి గటగటా తాగాడు. తర్వాత మెల్లగా, "ఇరవయ్యేళ్లలో నా తేనె తిరిగెల్లింది నేదమ్మా. మా నేస్తానికి ఏటొచ్చిందో సెప్పు," అన్నాడు. చెప్పాను, చాలా పెద్ద మాటల్లో. ఆయన నా మాటలు వినడం లేదు. బల్ల కింద ఖాళీ సీసాల్లోకి చూస్తున్నాడు. (మావయ్య తెచ్చినది మంచి సీసా, కిరసనాయిలుకి పనికొస్తుందని దాచాను.) వంగి కండె బిరడా తీసి చూశాడు.

"ఇది నాను సెక్కిన కండే. పోయినేడు తేనె తెచ్చిన సీసా ఇదే. నేస్తం, ఇందులో పోసేముందు కడిగావేటి?"

"కడగడమేటి? అడుగునున్న తేనె పారబోసుకుంటానా?" అన్నారు మావయ్య. ఆయన అలా అని, నన్ను చూసి, సీసాను చూశారు.

నా చదువంతా ఆ క్షణంలో కండె బిరడా ముందు తలవంచుకుంది. కొత్త సీసా మూడుసార్లు కడిగి ఇచ్చాను. మళ్లీ మరిగించాను. శుభ్రమైన నీలం. మావయ్య కళ్లు తుడుచుకుని, నేస్తానికని తెచ్చిన బెల్లం అచ్చులోంచే ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు.

నేస్తం మళ్లీ నీళ్లు అడిగాడు. ఈలోగా రెండుసార్లు వెనక గోడ దగ్గరికి వెళ్లొచ్చాడు. "అమ్మా, పన్లో పని నాదీ ఓపాలి సూడు. ఏడాదిబట్టీ దాహం తీరదు, కాళ్లల్లో సత్తువ నేదు."

"మీకు రాదు బాబాయ్. కొండ ఎక్కేవాళ్లకి రాదు," అన్నాను. నీలం మందు కూడా సీసా అడుగుకు వచ్చింది, దాన్ని పొదుపు చేస్తున్నాను.

"సదువుకున్నదానివి, నీకు తెలుస్తాది," అని తలూపి వెళ్లిపోయాడు. అందులో వెటకారం ఏమీ లేదు. ఉండి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్న మా క్లినిక్కు ఊడ్చే అప్ప నన్ను పిలిచింది. "వెనక గోడ కాడ సీమల బారు సూడమ్మా, రోడ్డు దాటొచ్చేత్తన్నాయి."

"తేనె సీసా ఉంది కదప్పా, దానికే," అన్నాను.

"సీసా బల్ల కిందుంది. గోడ కాడికెలాగెల్లింది?"

ఆ చీమల బారు వెంట చూసుకుంటూ నిలబడిపోయాను. షుగరున్నవాళ్ల మూత్రానికి చీమలు పడతాయన్నదే మాకు చెప్పిన మొదటి పాఠం. నీళ్లు, దాహం, నీరసం, అన్నీ నా ఎదురుగా కూర్చుని నోరు తెరిచి అడిగితే, రాదని పంపించేశాను. ఆ మనిషి ఏ కొండదారిలోనో పడిపోతే ఎవరికీ తెలియదు. శనివారం ఉదయం అది. ఆ రోజంతా క్లినిక్కు వదిలి కదలడానికి లేదు.

ఆదివారం తెల్లవారగానే చెప్పులేసుకుంటుంటే మా అమ్మ అడ్డం నిలబడింది. "ఆదోరం పూట సర్చి మానేసి ఎక్కడికే?" చర్చిలో గంట కొట్టేది మా నాన్నే కాబట్టి అది చిన్న నేరం కాదు. ఒక ప్రాణం సంగతి అన్నాను. నాన్న గంట తాళం జేబులో వేసుకుంటూ, "ఎల్లనియ్యే, దేవుడికి నాను సెప్తాను," అన్నారు.

నేను పల్లె చేరేసరికి బెల్లం మావయ్య అప్పుడే గంజి ముందు కూర్చున్నారు. సంగతి వినగానే గిన్నె పక్కకు తోసి, చొక్కా తొడుక్కుంటూ, "బేగి నడు, కొండకెల్లే బస్సు ఎల్లిపోద్ది," అని నాకంటే ముందు గుమ్మం దాటారు. ఆయన కొండెక్కారు, నేను ఇంటికొచ్చాను. రెండు రోజులు క్లినిక్కు గుమ్మంలో ఎవరి నీడ పడినా లేచి చూసేదాన్ని. మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు, నేస్తం భుజం మావయ్య చేతిలో ఉంది. సీసా కడిగాను, గొట్టం కడిగాను, మళ్లీ కడిగాను. మరగకముందే ఇటుక రంగు వచ్చేసింది. ఈసారి నాలుగు ప్లస్సుల కింద గీత గీయలేదు.

"ఆ రోజే చూడాల్సింది బాబాయ్. తప్పు నాదే," అన్నాను.

ఆయన గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "ఈపాలి నా తేనె కాదు గదమ్మా?"

నేను ఏడ్చేశాను. ఆ వారమే తిరిగొచ్చిన మిషను కూడా అదే మాట చెప్పింది. డాక్టరమ్మగారి మాత్రలతో ఆయన కోలుకున్నాడు. మావయ్య మాత్రం జన్మలో మళ్లీ బెల్లం ముట్టలేదు. "మా నేస్తం తిననిది నానేటి తింటాను?" అనేవారు. లేని జబ్బుకు మూడు వారాలు ఆగడానికే సగమైన మనిషి, ఇంకొకరి జబ్బుకు బతికినంతకాలం ఆగాడని అత్తయ్య గొణిగేది. తేనె నా వాటాకు వచ్చింది. ఏటా నేస్తం రెండు సీసాలు తెచ్చేవాడు, రెండిటికీ కండె బిరడాలే. శాంపిలుదానికి ఎర్రదారం కట్టి, బల్లమీద పెడుతూ, "మూడుపాల్లు కడిగానమ్మా," అని ప్రతిసారీ చెప్పేవాడు. పదిహేనేళ్లు అలా దిగాడు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ మిషను అరచేతిలోకి వచ్చేసింది. మొన్నొక పొద్దున్న మా అమ్మాయి సరదాగా నా వేలు గుచ్చి చూసింది. రెండు వందల డెబ్బై ఆరు. "బూరెల పిండి కలిపాను కదే, వేలికి బెల్లం అంటి ఉంటుంది," అన్నాను, టెక్నీషియన్ హోదాలో. సబ్బుతో మూడుసార్లు కడుక్కుని వచ్చాను. మళ్లీ గుచ్చింది. అంకె కాస్తయినా తగ్గలేదు. పిల్ల మొహం పాలిపోయింది. నాకేమో నవ్వు ఆగడం లేదు. పెద్ద కోటు చేతులు మడత పెట్టుకుని, మీకు రాదు బాబాయ్ అన్న ఆ ఇరవై ఒకటేళ్ల పిల్ల ఎదురుగా కూర్చున్నట్టే ఉంది.

"నవ్వుతావేంటమ్మా?" అని అమ్మాయి కసిరింది.

కాదు బాబాయ్ అనుకున్నాను లోపల. ఈసారి తేనె కాదు.