మిషనక్క తీసిన ఫొటో

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవాళ్లు, ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లతో సహా. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఇరవై రెండేళ్లుగా స్కూలు యూనిఫారాలు, గౌన్లు కుట్టేది. బిగుతైన ప్యాంట్లు వదులు చేసేది. ఇల్లు సరిగ్గా మలుపులో ఉండటంతో మిషను దగ్గర కూర్చుంటే ఒక పక్క బస్టాపు, ఇంకో పక్క బడి గేటు కనిపించేవి. భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య గడిపే మనిషి కాబట్టి ఇంటికొస్తే పది మాటలు దాటి మాట్లాడేవాడు కాదు. ఆ లోటు అత్తగారు తీర్చేది. తుంటి విరిగి మంచానికి అతుక్కుపోయినా, ఆవిడ నోట్లో మాత్రం ఏ ఎముకా విరగలేదు.

ఆ ఏడాది వీధిలో వరసగా దొంగతనాలు జరిగాయి. రెండు నీళ్ల మోటార్లు పోయాయి. బస్టాపు దగ్గర టీచరమ్మ మెళ్లో గొలుసు తెంపుకుపోయారు. ఎస్సై వచ్చి బడి హాల్లో మీటింగు పెట్టాడు.

"స్టేషన్లో మేమున్నది పద్నాలుగు మందిమి. మీరు వేలల్లో ఉన్నారు. ఇకనుంచి మీ కళ్లే మా కళ్లు" అన్నాడు.

అక్కడికక్కడే వీధి రక్షణ కమిటీ ఏర్పడింది. మందుల షాపాయన అధ్యక్షుడయ్యాడు. ఫోన్లలో ఒక గ్రూపు పెట్టారు. కొత్తగా కనబడ్డవాళ్ల వివరాలు ఒక పుస్తకంలో రాయాలన్నారు. "రోజంతా వీధిలోకి చూస్తూ కూర్చునేది మిషనక్కే కదా" అని ఎవరో అనడంతో పుస్తకం ఆమె చేతికొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు నవ్వింది. "మనింటికి దొంగొస్తే వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోవాలి. నీకెందుకే ఈ కాపలా?"

"ఉండండత్తయ్యా. అందరూ నన్నే అడిగారు."

నిజానికి అంతమంది కలిసి ఆమెను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కొలతలు తీసే అలవాటు వల్ల ఎవరి పొడుగెంత, భుజం ఎంత, చొక్కా రంగేమిటి ఒక్క చూపులో పట్టేసేది. అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసి పెట్టేది. రోజూ పొద్దున బీటు కానిస్టేబుల్ వచ్చి, మంచినీళ్లు తాగి, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లేవాడు. "మా స్టేషన్లో రాసే రైటరు దస్తూరీ కన్నా మీదే నయం అక్కా" అనేవాడు. మతిమరుపుతో తప్పిపోయిన ఒక ముసలాయన ఏ బస్సెక్కాడో ఆ పుస్తకం వల్లే తెలిసింది. ఆయన కొడుకులు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. ఆ రోజంతా ఆమె పాదాలు నేలమీద నిలవలేదు.

ఆరు నెలల తర్వాత, ఒక సోమవారం, బడి గేటు పక్కన ఒక మనిషి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. వెలిసిన నీలం చొక్కా, భుజాన గోనెసంచి. ఎవరితోనూ మాట్లాడకుండా సాయంత్రం దాకా నిలబడి వెళ్లిపోయాడు. మంగళవారం వచ్చాడు. బుధవారమూ వచ్చాడు. ఆమె మిషను దగ్గరనుంచే ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. "ఈయన మూడు రోజులుగా ఇక్కడే నిలబడుతున్నాడు. ఎవరికైనా తెలుసా?" అని రాసింది. అంతే రాసింది.

లేచి పదడుగులు వేస్తే తనే వెళ్లి అడగవచ్చు. కానీ చేతిలో యూనిఫారం ఉంది, సాయంత్రానికి ఇవ్వాలి. ఆ పదడుగులూ ఆమె వేయలేదు.

మందుల షాపాయన ఆ ఫొటో కింద, "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మనిషిలా ఉన్నాడు, జాగ్రత్త" అని చేర్చి చుట్టుపక్కల వీధుల గ్రూపులకు పంపాడు. తెల్లారేసరికి సంచిలో మత్తుమందు ఉందని ఒకరు, పక్కపేటలో ఇద్దరు పిల్లలు మాయమయ్యారని ఇంకొకరు రాశారు. పొద్దున ఆమె అవన్నీ చదివింది. బీటు కానిస్టేబుల్ వస్తే చెబుదామనుకుంది. ఆ రోజు అతన్ని ఎక్కడో బందోబస్తుకు వేశారు.

పదకొండు గంటలకు అరుపులు వినిపించాయి. ఆమె బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ముప్ఫై మంది దాకా ఉన్నారు.

"పేరేంట్రా? ఎక్కణ్నుంచొచ్చావ్?"

ఆ మనిషి చెవి మీద వేలు పెట్టి, లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"చెవుడంట! నాటకాలాడుతున్నాడు!" అన్నాడు మందుల షాపాయన. మొదటి దెబ్బ ఆయనే వేశాడు. తర్వాత నీళ్ల క్యాన్లవాడు, లిఫ్టు మెకానిక్కు. రిటైరైన లెక్కల మాస్టారు గొడుగుతో పొడిచాడు. ఆమె జనాన్ని తోసుకుని లోపలికి వెళ్లింది. అప్పటికే ఎవరో సంచి చింపారు. అందులోంచి నాలుగు బ్రష్షులు పడ్డాయి. శుభ్రంగా కడిగి, దారంతో కట్టినవి. గోడలు గీకే రేకు ఒకటి, టిఫిను డబ్బా ఒకటి.

"బ్రష్షులయ్యా! పెయింటరయ్యా ఆయన! ఆపండి!" అని గొంతు చించుకుంది.

విన్నవాళ్లు విన్నారు. అయినా చేతులు ఆగడానికి ఇంకాస్త సమయం పట్టింది. ఎత్తిన చెయ్యి, తప్పు చేశానని తెలియగానే ఆగదు. ఆ తెలిసినందుకే ఇంకో రెండు దెబ్బలు గట్టిగా పడతాయి.

అతనికి చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. బడి గోడలకు రంగులు వేయాలని, గేటు దగ్గర ఉండమని కాంట్రాక్టరు చెప్పాడట. ఆ కాంట్రాక్టరు రావాల్సిన రోజు సోమవారం. వచ్చింది గురువారం మధ్యాహ్నం, అంతా అయిపోయాక.

మూడో రోజు ఆమె ఆసుపత్రికి వెళ్లింది. పెయింటరుకు ఎడమ కన్ను పోయింది. కుడి మణికట్టు నుజ్జయింది. ముఖమంతా కట్లతో మత్తులో ఉన్నాడు. పక్కన అతని అక్క కూర్చుని ఉంది. ఏదో హాస్టల్లో వంట చేస్తుందట.

"మీరెవరమ్మా?"

"ఆ వీధేనమ్మా మాది."

"మా వాడి ఫొటో ఎవరో ఫోన్లలో పెట్టారంట. ఎవరో మీకు తెలుసా?"

"నేనే" అంది మిషనక్క.

ఆవిడ తిట్టలేదు. "వాడు ఎవరి గడపా తొక్కడమ్మా. ఎవరైనా ఏదైనా అంటే వినపడదని బయటే నిలబడతాడు. మీరొచ్చి చెయ్యి తట్టి అడిగుంటే, సంచి తెరిచి చూపించేవాడు" అని, తమ్ముడి దుప్పటి సర్దుతూ అటు తిరిగింది. ఇక ఇటు తిరగలేదు.

మర్నాడు మిషనక్క స్టేషనుకు వెళ్లి, కొడుతుండగా తను చూసిన ఏడుగురి పేర్లూ చెప్పింది.

"అక్కా, కూర్చోండి" అన్నాడు ఎస్సై. "ఈ ఏడుగురి కన్నా ముందు మీ పేరే రాయాల్సొస్తుంది. ఫొటో మీదే కదా."

"రాయండి సార్. నాదే ముందు రాయండి."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "కమిటీ పెట్టించింది నేను. రేపు పైవాళ్లు నన్నడుగుతారు. కొంచెం ఆలోచించుకుని రండి."

ఆమె వాంగ్మూలం చివరికి బీటు కానిస్టేబులే రాసుకున్నాడు. నెల తిరక్కుండా అతనికి బదిలీ అయింది. ఆమె స్టేషను చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నాక, కేసులో రెండే పేర్లు మిగిలాయి: నీళ్ల క్యాన్లవాడు, లిఫ్టు మెకానిక్కు. మందుల షాపాయన పేరు లేదు. గొడుగు మాస్టారు పేరూ లేదు.

వీధి ఆమెతో మాట్లాడటం మానేసింది. ఆ ఏడాది ఒక్క యూనిఫారం కూడా ఆమె దగ్గరికి రాలేదు. మాత్రల కోసం వెళ్తే మందుల షాపాయన అందరిముందే నిలదీశాడు. "మేమేమన్నా మా కోసం చేశామా అమ్మా? నీ ఫొటో నమ్మే కదా చేశాం."

అందులో అబద్ధం ఎక్కడుందో ఆమె వేలు పెట్టి చూపలేకపోయింది. అత్తగారి మాత్రలు తీసుకోకుండానే ఇంటికొచ్చేసింది.

ఆ రాత్రి భర్త కంచం ముందు కూర్చుని, "నువ్వు స్టేషన్లో చెప్పింది నిజమేగా. మళ్లీ వెళ్లు" అన్నాడు. పెళ్లయ్యాక ఆమెకు ఆయన ఇచ్చిన ధైర్యం అదొక్కటే. అత్తగారు మాత్రం నిట్టూర్చింది. "తిలా పాపం తలా పిడికెడు అంటారు. వాళ్లంతా ఎవరి పిడికిలి వాళ్లు దులిపేసుకున్నారు. నువ్వొక్కదానివే మూసిపెట్టుకుని తిరుగుతున్నావే పిల్లా."

ఏడాది చివర, దొంగతనాలు పూర్తిగా తగ్గినందుకు కమిటీకి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి మందుల షాపులో తగిలించారు.

రెండేళ్లకు కేసు విచారణకు వచ్చింది. సాక్షిగా చెప్పాల్సిన మాటలు ఆమె బస్సులో కూడా వల్లించుకుంటూ వెళ్లింది. కోర్టు వరండాలో పెయింటరు అక్క ఎదురైంది. జుట్టు సగం నెరిసింది.

"రాజీ కాగితం మీద సంతకం పెట్టేశానమ్మా."

"అదేంటమ్మా! నేను చెబుతానుగా, అంతా చూశానుగా!"

"మీరు చెబుతారు. తర్వాత ఇంకో వాయిదా. వాణ్ని పట్టుకుని రెండు బస్సులు మారి రావాలి. హాస్టల్లో సెలవివ్వరు. ఎవరు జైలుకెళ్తే మాత్రం వాడు మళ్లీ నిచ్చెనెక్కుతాడా? నావల్ల కాదమ్మా."

అతను గోడవార బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో వంకరగా పడి ఉంది. మిషనక్క ఎవరో అతనికి తెలియదు. నిలబడి ఉన్న పెద్దావిడ కదా అనుకున్నాడేమో, పక్కకు జరిగి, ఎడమ చేత్తో బెంచీ మీద తట్టి కూర్చోమని సైగ చేశాడు. నవ్వాడు కూడా. ఆమె కూర్చుంది.

లోపల పేర్లు పిలిచారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. అక్క బయటికొచ్చి చేతులతో ఏదో చెప్పింది. అతనేదో అడిగాడు.

"ఏమంటున్నాడమ్మా?" అంది మిషనక్క.

"ఇంక ఇక్కడికి రానక్కర్లేదా అంటున్నాడు. అక్కర్లేదన్నా."

అక్కాతమ్ముళ్లిద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాతి కేసువాళ్లు వచ్చి, "అమ్మా, కాస్త జరుగుతారా?" అని అడిగితే లేచింది.