అంగారకుడి మీద గట్టు తగాదా

ఈ పొద్దు వేంపల్లెలో టీ అంగట్లో నెత్తురు కారింది. కారణం అంగారక గ్రహం.

అక్కడ మనుషులు ఊర్లు కట్టుకుంటారని టీవీలో చెప్తాంటే, మా పెదనాయన కొడుకులు ఇద్దరూ నవ్వుకుంటా దాన్ని పంచుకునేకి కూర్చున్యారు. మా పక్క పంపకాల్లో పెద్దోడు భాగాలు పెడితే, చిన్నోడు ముందు ఏరుకోవాల. పెద్దన్న టీలో వేలు ముంచి, బల్ల మీద గుండ్రంగా గీసి, నడిమధ్య గట్టు వేసినాడు.

"పై పక్కంతా మంచు ఉండాదంట. అది నాది, ఆడ బోరు వేస్తా," అన్యాడు చిన్నోడు.

వెంటనే పెద్దన్న గట్టును వేలితో పైకి జరిపినాడు.

"చేన్లో గట్టు గూడా ఇట్లే జరిపినావు గదన్నా!"

ఆ మాటతోనే చిన్నోడు గాజు గ్లాసు అన్న నెత్తిన పగలగొట్టినాడు. అన్న బెంచీ ఎత్తి తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టినాడు. ఇద్దరినీ ఒకే ఆటోలో ఆస్పత్రికి నేనే తీసకపోయినా. కుట్లు వేస్తాంటే పెద్దన్న నా చెయ్యి పట్టుకొని, "అంగట్లో ఆ బల్ల తుడవొద్దని చెప్పప్పా, గట్టు అట్లే ఉండాల," అన్యాడు.

అంతరిక్షంలో ఊర్లు కట్టాల్నా వద్దా, మీరే చెప్పండి. కట్టేదుంటే మాత్రం ముందు ఆస్పత్రి కట్టండప్పా.