మేక ఏం మేసిందో

మాంసం మెత్తగా వండటం ఎలాగో చెప్పే పుస్తకాలు మా గ్రంథాలయంలో మూడున్నాయి. మూడూ చదివాను. పదో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషుది కూడా చివరిదాకా చదివాను. మేక ఏ చేలో మేసిందో కనుక్కోమని వాటిలో ఒక్కటీ చెప్పలేదు. పత్తి చేల మధ్య బతికే మాబోటి వాళ్ళ కోసం ఆ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. అందుకే ఇది.

మా నాన్నకు కట్టుడు పళ్ళు పెట్టించి అప్పటికి వారం. అంతకుముందు ఆరు నెలలు చారన్నమే. "ఒక్క ముక్క కొరికి తినాలే అమ్మాయ్" అని రోజూ అడిగేవాడు. స్టీక్, అంటే పెనం మీద కాల్చిన మందపాటి మాంసం ముక్క, చేసి పెడతానన్నాను.

ఆదివారం పొద్దున మాంసం కొట్టతను కత్తి ఆపి నన్ను వింతగా చూశాడు. "ముక్కలు కొట్టొద్దా? అరచెయ్యంత ముక్క ఏం చేసుకుంటావక్కా, దిష్టి తీస్తావా?" తొడ మాంసం పోగులకు అడ్డంగా, రెండు వేళ్ళ మందాన కోయించాను. పచ్చి బొప్పాయి గుజ్జు రాసి అరగంట ఉంచాను. తుడిచి, ఉప్పూ మిరియాల పొడీ అద్ది, బాగా కాలిన ఇనప పెనం మీద వేశాను. రెండు వైపులా ఎర్రబడ్డాక మంట తగ్గించి మూత పెట్టాను. దించాక అయిదు నిమిషాలు ముట్టుకోలేదు. అంతా పుస్తకం చెప్పినట్టే.

"మిరప పండించే ఇంట్లో కారం లేదంటే జనం నవ్వరటే?" అంటూనే నాన్న కొరికాడు. తెగింది. కళ్ళు మూసుకుని నమిలాడు. "ఇది మాంసమా, మీగడా?" నేను పొంగిపోయి పోగులూ బొప్పాయీ అంటూ ఉపన్యాసం మొదలుపెట్టాను.

అప్పుడే పక్కింటి వదిన తోడుకు పెరుగు అడగటానికి వచ్చింది. పళ్ళెం చూసి ఆగిపోయింది.

"నిన్న సాయంత్రం మా పత్తికి మందు కొట్టాం వదినా. తెల్లారి చూస్తే మేకలు పడి మేసిపోయినయ్. రెండు నురగ కక్కుతున్నయ్యంట. చచ్చేలోపల ఏ కొట్టుకో తోలేసే ఉంటారు."

నాన్న అప్పటికే సగం తినేశాడు.

"నాన్నా, ఆపు. ఊసెయ్యి."

"నలభై ఏళ్ళు మందు కొట్టినోణ్ణి, నాకేమవుద్దే? ఆ పళ్ళెం ఇటియ్యి."

ఇవ్వలేదు. పురుగుమందుల గురించి కూడా చదివి ఉండటం నా ఖర్మ. ఒంట్లోకి మందు పోతే చెమట, చొంగ, కంటిపాప చిన్నదవటం. నాన్న నుదుటి మీద చెమట ఉంది. కరెంటు లేక ఫ్యాను తిరగట్లేదని నాకు తెలుసు. పెదవి చివర చొంగ ఉంది. కొత్త పళ్ళు పెట్టిన రోజు నుంచీ కారుతోందనీ తెలుసు. తెలిసి ఏం లాభం? వాకిట్లోకి లాక్కొచ్చి కళ్ళు చూశాను. ఎండకు పాపలు చిన్నవయ్యాయి.

వదిన నాన్న దగ్గర ఉండి ఆటోకు ఫోన్ చేస్తుంటే, నేను వీధి చివరి కొట్టుకు పరిగెత్తాను.

"ఆ మేక ఎక్కడిది?"

నా మొహం చూసి కొట్టతనికి అర్థమైంది. ఇంకా కడగని పొట్టను బేసిన్‌లోంచి తీసి నా ముందే చీల్చాడు. "చూడక్కా. నా చేత్తో వేసిన సుబాబుల్ ఆకు. కనిగిరి వైపు నుంచి తెచ్చిన మేక, మూడు రోజులుగా నా దొడ్లోనే కట్టేసుంది. ఆ నురగ కక్కే రెండిటినీ పొద్దున్నే నా దగ్గరికీ తోలుకొచ్చారు. వద్దన్నా."

"మరెవరు కొన్నారు?"

"నాకేం తెలుసక్కా?"

ముక్కు కూడా మూసుకోకుండా వేళ్ళతో కెలికి చూశాను. పత్తాకు ఒక్కటీ లేదు.

తిరిగొచ్చేసరికి నాన్న ఆటో ఎక్కనని అరుస్తున్నాడు. సంగతి చెప్పి పళ్ళెం మళ్ళీ ముందు పెట్టాను. తింటున్నంతసేపూ, ఆ తర్వాత పొద్దు గూకేదాకా, ఆయన కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను. "నేను పోతానని చూస్తున్నావా, ఇంకో ముక్క అడుగుతానని చూస్తున్నావా?" అన్నాడు. నా వంతు ముక్క నేను తినలేకపోయాను.

ఇందులో తమ పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి ఇలాగే చెప్పుకుంటాను. పొట్ట చీల్చి చూపించిన కొట్టతనికి, పెరుగు కోసం వచ్చి పెరుగు మరిచిపోయిన వదినకు, ఊరికే తిరిగి వెళ్ళినా విసుక్కోని ఆటో అతనికి, పుస్తకం గడువు దాటినా అడగని గ్రంథాలయం మేడమ్‌కు రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువగా, మర్నాడు పొద్దున లేచి కాఫీ అడిగినందుకు మా నాన్నకు.