జపాన్‌కు పంపిన కొసరు

విదేశాలకు సరుకు పంపడమంటే పెట్టె కట్టి ఓడెక్కించడమే అనుకున్న అమాయకపు రోజులవి. ఎగుమతిలో మతి ఉంది గానీ, అప్పట్లో అది నాలో లేదు. డిగ్రీ పట్టా మీద సిరా ఆరకముందే మా మామ నన్ను జువ్వలదిన్నెలో తాను కొత్తగా పెట్టిన రొయ్యల షెడ్డుకు మేనేజరును చేశాడు. (మేనేజరంటే నాకో కుర్చీ, ఆ కుర్చీకి మూడున్నర కాళ్లు.) అప్పుడే జపాన్‌కు మా మొదటి కంటైనరు సిద్ధమవుతోంది. అది నిలబడితే మేం నిలబడతాం. లేకుంటే షెడ్డుకు తాళం వేసి, ఎప్పటిలా చెన్నై వ్యాపారి చెప్పిన ధరకు తలూపడమే.

ప్యాకెట్లు కట్టే రోజు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. కొత్త బేరాన్ని నిలుపుకోవాలంటే మనవాళ్లు ఏం చేస్తారు? కొసరు వేస్తారు. "అక్కా, కిలో తూచినాక ప్యాకెట్టుకు నాలుగు రొయ్యలు పైన వెయ్యి" అన్నాను, కాటా దగ్గర కూర్చునే తూకమక్కతో.

"కాయితంలో కిలో అనే గదా రాసినారు అబ్బయ్యా?"

"కాయితంలో కొసరెవరు రాస్తారక్కా?" అన్నాను, చదువుకున్నవాడి నవ్వొకటి నవ్వి.

కొన్ని వారాలకు జపాన్ నుంచి మెయిల్ వచ్చింది. కంటైనరును రేవులో ఆపేశారు. కాగితాల్లో రాసినదానికంటే బరువు ఎక్కువుందట. లోపల ఏం దాచి పంపారో చెప్పమని అధికారులు అడుగుతున్నారట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. (కుర్చీ మాత్రం ఆడింది.) మామ తాగబోయిన నీళ్ల గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "తక్కువేస్తే పట్టుకుంటారు, సరే. ఎక్కువేసినా పట్టుకుంటారంట్రా?" అన్నాడు.

"ఆ పొద్దే నేను అడిగినానా లేదా?" అంది తూకమక్క.

మామ షెడ్డు తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టాడు. అది చూశాక సాకులు వెతకడం మానేసి కొనుగోలుదారుకు ఉన్నదున్నట్టు రాశాను: మా ఊళ్లో ఆకుకూర కొన్నా రెండు రెబ్బలు పైన వేస్తారని, మళ్లీ రమ్మని పిలిచే పద్ధతి అదని, తప్పు నాదేనని, కాగితాలు సరిదిద్ది పంపుతున్నామని. నాలుగు రోజులు షెడ్డులో ఎవరూ గట్టిగా దగ్గలేదు. ఐదో రోజు జవాబొచ్చింది. సరుకు విడుదలైంది. కింద ఇంకో కంటైనరుకు ఆర్డరు, దాని కింద గీత గీసిన ఒక వాక్యం: "ఈసారి దయచేసి కిలో అంటే కిలో."

ఇప్పుడు మా రొయ్యలు నాలుగు దేశాలకు పోతున్నాయి. కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెబుతాను. ఒక్క రొయ్య ఎక్కువైనా ఊరుకోను. సాయంత్రం ఇంటికి పోతూ అంగట్లో బెండకాయలు తూయించుకుంటాను. కాటా ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచిందా, ఆ మూడున్నర కాళ్ల కుర్చీలోని కుర్రాడు నాలోంచి చెయ్యి చాస్తాడు: "ఏమ్మా, రెండు పైన వెయ్యవా?"