కనకవ్వ పాటకు కట్టిన లైటు

దీపాల గురించి నర్సింగం కాకకు ఎవరూ చెప్పకూడదు. చెబితే ఒంటికాలి మీద లేస్తాడు. గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి ల్యాంపు రూములో ఆయన ఉద్యోగమంతా గడిచింది. షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుడి టోపీ లైటూ ఆయన చేతి మీదుగానే పోయేది. గోడ మీదికి వెలుగు కొట్టి చూసేవాడు, అది కాస్త మందగించినా పక్కన పడేసేవాడు. "మా బావమరిది అడిగినా గుడ్డిదీపం ఇయ్య" అనేవాడు. వెలుగు తక్కువైతే కింద మనిషి దక్కడు మరి. ఆయన చదివిన చదువు అదొక్కటే.

నా పేరు సంపత్. చౌరస్తా దగ్గర సెల్‌ఫోన్ల రిపేరు షాపు నాది, కాక ఉండే సందులోనే మా ఇల్లు. ఆయన భార్య కనకవ్వను చిన్నమ్మా అని పిలుస్తాను. తంబాకు నమిలీ నమిలీ ఆమెకు దవడలో పుండు లేచింది. హైదరాబాదు దవాఖానలో చూసి, నాలుకలో సగం, కింది దవడలో ఒక పక్క తీసేయాలన్నారు. ఆ తర్వాత మాట మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. ఎవరికి చెప్పారండీ ఆ మాట! బతుకమ్మ నాడు ఆమె పాట ఎత్తుకుంటే తప్ప మా కాలనీలో చప్పట్లు మొదలయ్యేవి కావు. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, ఆమెకు ఎన్ని వచ్చో లెక్కే లేదు. ఒక్కటీ ఎవరమూ రికార్డు చేసుకోలేదు. రోజూ వినబడే గొంతే కదా అనుకున్నాం.

"ఆపరేషన్‌కు పోకముందే పాట వీడియో తియ్యాలె సంపత్" అంటూ కాక షాపుకొచ్చాడు. "బయటికి రమ్మంటే రాదు. దవడ వాచింది గద, కొంగు అడ్డం పెట్టుకుంటది. లోపలి అర్రల చీకటి. లైటు కావాలె."

"తయారుగ దొరుకుతయి కాకా, ఒకటి తీస్కపో."

"దీపాలోడికే దీపం అమ్ముతవారా? నేనే కడ్త. మంచి పవరున్న ఎల్‌ఈడీలు చూపియ్."

సొరుగులో రెండు రకాలున్నాయి. ఒకటి తెల్లగా, కళ్లు జిగేలుమనేట్టు కొట్టేది. అవి ఎన్నంటే అన్ని ఉన్నాయి. రెండోది నమూనాకు ఒక్కటే ఉంది, కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలి. దాని వెలుగు తక్కువే కానీ రంగులను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. రెండూ వెలిగించాను. కాక అలవాటు కొద్దీ వాటిని గోడ మీద కొట్టి చూశాడు. గోడ మీద తెల్లది గెలవక ఏమవుతుంది?

"గోడను కాదు కాకా, నీ చెయ్యిని చూడు. తోలు రంగు ఎట్ల కనవడ్తందో చూడు. మనం తీసేది మనిషి మొఖం."

"కరెంటు గంతే తింటది, వెలుగేమో సగమిస్తది. గిది ఎల్‌ఈడీ కాదురా, పనిదొంగ" అని తెల్లవే మూటగట్టుకుపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. పాత కంప్యూటర్‌లోంచి అల్యూమినియం రెక్కల దిమ్మ ఊడదీసి, వేడి లాగేయడానికి ఎల్‌ఈడీలన్నీ దాని మీద బిగించాడు. నేను షాపులో ఉండగానే చిన్నమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది, పాడింది. పాటయ్యాక ఇద్దరూ ఫోనులో చూసుకున్నారు. ముఖం పాలిపోయి, బూడిద పూసినట్టు వచ్చిందట. పెదాలు నల్లగా ఉన్నాయట, కుంకుమ మట్టిరంగుకు తిరిగిందట.

"ఏందయ్యా, నేను సచ్చినంక తీసినట్టున్నది" అందట చిన్నమ్మ. "మంచి లైటు పెట్టు, మల్ల పాడుత."

కాక పరుగున వచ్చాడు. నేను తిట్టలేదు, ఆ ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. రెండో రకం ఆర్డరు పెట్టాను. ఇంతలో దవాఖానలో మంచం ఖాళీ అయింది, వెంటనే రమ్మని ఫోనొచ్చింది. ఆర్డరు ఇంకా దారిలోనే ఉంది, వాళ్లు బండెక్కారు.

ఆపరేషన్ అయి చిన్నమ్మ తిరిగొచ్చింది. గొట్టంతో గంజి పోస్తున్నారు. ఏదో అంటుంది, ఒక్క మాటా పోల్చుకోలేం. కాక మాత్రం కొత్త ఎల్‌ఈడీలు బిగించి నన్ను పిలిచాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడు అంటారు కదా. లైటు ఆమె మీద వేశాడు. మెడలో పసుపుతాడు పసుపుగా, గాజులు ఆకుపచ్చగా, కుట్లు ఎర్రగా, అన్నీ ఉన్నవున్నట్టే కనిపించాయి. ఏ లైటు మీదా నాకు ఎన్నడూ అంత అసహ్యం పుట్టలేదు.

"ఇప్పుడు మంచిగున్నది గద?" అన్నాడు కాక.

లైటు బంద్ చేసి, "మొదలు తీసిన వీడియో తే కాకా. మొఖం పోతే పోనీ, పాట ఒక్కటి పక్కకు తీసిస్త. గొంతుకు రంగేంది?" అన్నాను.

కాక జేబులోంచి ఫోను తీసి, ఇవ్వకుండా పట్టుకున్నాడు.

"అప్పుడే తుడిచేసిన. మల్ల తీద్దమనుకున్న గద."

"అయ్యో కాకా! పాట ఉండె గద అందుల!"

ఫోను లాక్కుని నాకొచ్చిన విద్యలన్నీ వేశాను. దవాఖాన రిపోర్టుల ఫోటోలతో అది నిండిపోయి ఉంది. తుడిచిన చోటల్లా అవే ఎక్కేసి, పాత వీడియో జాడే లేదు. ఏడుపొచ్చింది నాకు. చివరికి, "ఏ పాట పాడింది? చెప్పు, మా అమ్మకు వస్తదేమో, పాడిస్త" అన్నాను.

కాక ఫోను తిరిగి తీసుకున్నాడు.

"యాదికి లేదురా. వెలుగు సక్కగ పడ్తందా లేదా అని చూసుకుంట నిలవడ్డ. పాట ఇనలే."

చిన్నమ్మ మంచం మీద నుంచి మమ్మల్ని చూస్తోంది. ఏ పాటో ఆమెకు తెలుసు, రాసి చూపిద్దామంటే అక్షరం ముక్క రాదు. చెయ్యెత్తి మమ్మల్ని దగ్గరికి రమ్మని, ఆ పాట పేరు చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మాకు అర్థం కాలేదు.