చింతపండు తగలని కాణీ

నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడను. ముత్తుకూరు ఆఫీసులో పక్క సీటు ఆమెకు కూడా నా గొంతు సరిగ్గా తెలియదు. పాత నాణేల కొట్టులో మాత్రం బేరం నేనే ఆడతాను.

చిన్నప్పటి నుంచి పోగేసిన నాణేల డబ్బా ఒకటుండేది. దాన్ని అమ్మేసి, జీతంలో మిగిల్చింది కలిపి, ఒక్క మంచి చిల్లికాణీ కొనాలనుకున్నాను. నడుమ చిల్లున్న ఆ కాణీలు మామూలువైతే ఎక్కడైనా దొరుకుతాయి. నాకు కావలసిన సంవత్సరానిది అరుదు. అందులో అరగనిది మరీ అరుదు.

కొట్టాయన నా నాణేలను వేలితో పక్కకు నెట్టాడు.

"చింతపండుతో తోమినారామ్మా?"

తోమింది అమ్మ. పూజ చెంబులతో పాటు వాటినీ తళతళలాడించేది. ఆ మెరుపుకే సగం ధర పోయింది.

"ఈ డబ్బుకి అరిగిన కాణీలు పది ఇస్తా, తీసుకోమ్మా."

వద్దన్నాను. ఉగాదికి చీర మానుకున్నాను. చిన్నాచితకా నాణేలు కొనడం మానేశాను. చివరికి ఆ ఒక్కదాన్నే ప్లాస్టిక్ కవరులో పెట్టించుకుని ఇంటికి తెచ్చాను.

అది గురువారం సాయంత్రం. అమ్మ పెరట్లో పూజ సామాను తోముతోంది. మా మామ, అమ్మ తమ్ముడు, కవరును వెలుతురుకెత్తి చిల్లులోంచి నన్ను చూశాడు.

"ఏంది మే, చీర డబ్బులు పోసి ఇది తెచ్చినావా? చిల్లికాణీ చెయ్యదు గదా!"

"అది చిల్లికాణీయే మామా."

అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే చింతపండు చెయ్యి చాచింది.

"ఎట్ట నల్లబడిందో చూడు. ఇట్ట తే, రుద్ది దేవుడి గూట్లో పెడతా."

"తాకొద్దు!"

మామ కవరు దించేశాడు. ఇంట్లో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

"చిలుముతోనే దేవుడి దగ్గర పెడతారా ఎవరన్నా?"

"చిలుము కాదుమా, దాని రంగే అది. ఇన్నేళ్లూ ఎవురూ తోమలేదనే అంత ధర. అట్టనే పెడితే పెట్టు. లేదంటే నా బీరువాలో ఉంటుంది."

"మా అమ్మకి నేనెప్పుడూ ఇట్ట ఎదురు చెప్పలా," అంది అమ్మ.

"నేను చెప్తా."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. చెంబును మాత్రం అరిగిపోయేలా తోమింది.

మర్నాడు పొద్దున కాణీ దేవుడి గూట్లో ఉంది, కవరుతో సహా. అమ్మ కుంకుమ వేలితో నా వైపు తిరిగింది.

"బొట్టన్నా పెట్టనిస్తావా, అదీ వద్దా?"

"కవరు మీద పెట్టుకో."

కవరు మీదే పెట్టింది.