ముత్తయ్య తిప్పి తెచ్చిన మాట

అరవై దాటిన ముత్తయ్యకు ఒకటే జబ్బు. కుర్రకారు నోట కొత్త మాట వినబడితే, అది తన నోట పడేదాకా నిద్ర పట్టదు.

ఎడ్లకు నాడాలు కొట్టడం ఆయన పని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వారపు అంగళ్లు తిరిగేవాడు. ఎద్దుకు తాడు వేసి పడగొట్టి, కాళ్లు అదిమి పట్టడానికి ఎక్కడికక్కడ పడుచువాళ్లు కావాలి. వాళ్ల చేతులకే పని, నోళ్లు ఖాళీ. అందుకని ఏ ఊళ్లో ఏ మాట పుట్టినా ముందు ముత్తయ్య చెవినే పడేది. మరుసటి అంగడికి పక్క ఊళ్లో దిగేది.

భార్య కాటమ్మకు ఇది తలవంపులు. వియ్యంకుడు భోజనానికి కూర్చుని కుశలం అడిగితే, ఈయన కోదాడ బాణీలో "ఫస్టుక్లాస్ గురూ" అన్నాడు. వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేవబోయాడు.

"నీ వయసేంది, ఆ మాటలేంది?" అంది కాటమ్మ తర్వాత.

"ఎద్దు ముసలిదైనా నాడా కొత్తదే ఎయ్యాలె గదనే."

రజాకార్ల గొడవ సద్దుమణిగి అంగళ్లు మళ్లీ నిండిన ఏడు, సూర్యాపేటలో బాల్యా పనికి కుదిరాడు. తండా పిల్లవాడు. ఎద్దుకు దెబ్బ తగలకుండా పడుకోబెట్టడంలో అతనికి సాటి లేరు. ఆ కూలీతోనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది. పని బాగా కుదిరితే తన భాషలో "ఆచో" అనేవాడు. బాగుందని అర్థం. పేట పోరగాళ్లు, అందరికంటే ముందు భిక్షపతి, దాన్ని ముక్కుతో పలికి వెక్కిరించేవారు. ఒకనాడు బాల్యా తాడు చుట్టి ముత్తయ్య చేతిలో పెట్టాడు.

"ఇగ రాను తాతా. నోరు దెరిస్తె నవ్వుతున్నరు."

"పై నెల దాంక ఆగు," అన్నాడు ముత్తయ్య.

బాల్యా ఆగాడు గానీ నోరు విప్పలేదు. ముత్తయ్య భిక్షపతిని పల్లెత్తు మాట అనలేదు. కాటమ్మకు ఒళ్లు మండింది. పైగా ఈయన కోదాడ పోయి, కొట్టిన ప్రతి మేకుకూ "ఆచో" అనడం మొదలుపెట్టాడు. అదెక్కడి మాటని అక్కడి కుర్రాళ్లు అడిగితే, పేటలో ఇప్పుడిదే నడుస్తోందన్నాడు. మిర్యాలగూడలో అడిగితే కోదాడ మాట అన్నాడు. అది అబద్ధం కాదు, అప్పటికి కోదాడ మాటే అయింది.

నెల తిరిగేసరికి మిర్యాలగూడ బియ్యం బండ్లతో పాటు ఆ మాట సూర్యాపేటకు చేరింది. పక్క ఊరివాళ్లు అనే మాట తమకు తెలియదంటే పేట పోరగాళ్లు తట్టుకోలేరు. తండా నుంచి వచ్చినప్పుడు నవ్వులాటైన మాట కోదాడ మీదుగా వచ్చేసరికి ఫ్యాషనైంది.

ఆ అంగడిలో నాడాలు కొట్టించుకున్న ఎద్దు లేచి నిలబడగానే, భిక్షపతి తల ఎగరేసి "ఆచో" అన్నాడు. కోదాడలో అందరూ ఇట్లాగే అంటున్నారని, నేర్చుకుంటే పనికొస్తుందని బాల్యాకు సలహా కూడా ఇచ్చాడు.

బాల్యా ముత్తయ్య వంక చూశాడు. ముత్తయ్యకు ఎద్దు గిట్టలు తప్ప లోకం పట్టినట్టు లేదు. సద్ది తెచ్చిన కాటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్ల గాదన్నా," అన్నాడు బాల్యా నిదానంగా. "జర సాగదియ్యాలె. మల్లొక్కపారి అను."

భిక్షపతి శ్రద్ధగా అన్నాడు.